దసరాకు మార్చే ఆయిల్

"ఏమండీ, ఆ కారు చాగలమర్రి దాటినాక యాడన్నా నిలబడిపోతే బిడ్డ గతేం గాను?"

ఆయన తల ఎత్తలేదు. బొరుగుల ఉగ్గానిలో బజ్జీ తుంచి కలుపుకుంటూ పేపరు మడత తిప్పాడు. పక్క కుర్చీలో ఉన్న వాళ్లమ్మతో, ఇంకో రెండు బజ్జీలు తెమ్మని చెప్పమ్మా అన్నాడు. నేను గరిటె పట్టుకొని ఆయనకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. మా అత్త నా వైపు తిరిగి, వినపడలేదా, బజ్జీలంట, అంది.

ఆయన నాతో నేరుగా మాట్లాడక ఆ రోజుకు పదహారు రోజులు. మాది ముప్పై ఏళ్ల కాపురం. కోపం వస్తే చెయ్యెత్తడు, గొంతెత్తడు. నంద్యాలలో మా వీధి ఆడవాళ్లు నా అదృష్టం గురించి చెప్పుకుంటారు. ఆయన మాట్లాడటం మానేస్తాడు, అంతే. నేను వండుతాను, చొక్కాలు ఇస్త్రీ చేస్తాను, ఎప్పుడు పిలుస్తాడో అని గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడుగుతాను. ఒకసారి పప్పులో ఉప్పు ఎక్కువైనందుకు నెలా పది రోజులు నడిచింది. ఈసారి మొదలైంది కారు ఆయిల్ దగ్గర.

ఆ కారును పోయిన దసరాకు ముందు బెంగళూరు నుంచి తెచ్చాడు. హైబ్రిడ్ కారు. పెట్రోలుతో నడుస్తుంది, లోపల ఉన్న బ్యాటరీ దానికి సాయం పడుతుంది. అప్పటికి మా ఊళ్లో అలాంటిది ఇంకొకటి లేదు. బండి నిలబడిన చోటల్లా ఇంజన్ తనంతట తానే ఆగిపోతుంది. మొదటిసారి గాంధీచౌక్‌లో అలా ఆగినప్పుడు దాని ప్రాణం పోయిందనుకొని, వాసవీ తల్లీ అంటూ నేను తలుపు తీసుకొని దిగబోయాను. అది ఆరు నెలలు మా చుట్టాలందరికీ నవ్వుకోవడానికి పనికొచ్చింది.

ఆయనకు విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. అంగడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ కారు గురించి ఒకే మాట చెప్పేవాడు. మామూలు కారులో ఇంజన్ ఎప్పుడూ తిరుగుతుంటుంది కాబట్టి ఆయిల్ చెడుతుందట. దీని ఇంజన్ సగం సేపు పడుకొనే ఉంటుంది, పడుకున్నదానికి అలుపేమిటి అనేవాడు. వాళ్ల నాయన రామకోటయ్య గారు ముప్పై ఏళ్లు నాలుగు శెనక్కాయల లారీలు నడిపారు. ఏడాదికొకసారి దసరాకు ఆయిల్ మార్చి, ఆయుధపూజ చేసి, గుమ్మడికాయ కొట్టేవారు. ఒక్క లారీ కూడా దోవలో నిలబడలేదు. పోయిన దసరాకు కారుకు ఒకసారి మార్పించాడు. లారీలకే దసరాకొకసారి సరిపోతే, దీనికి రెండు దసరాలకొకసారి చాలు అన్నది ఆయన లెక్క. ఈ మాట చెప్పేటప్పుడల్లా మా అత్త పక్కనే కూర్చొని దీపం ఒత్తులు చేసుకుంటుండేది. ఔననీ కాదనీ అనేది కాదు.

శుక్రవారం శుక్రవారం కారుకు పసుపు కుంకుమ పెట్టడం నా పని. అలా పెడుతున్నప్పుడు ముందరి అరలో కారుతో పాటు ఇచ్చిన పుస్తకం కనిపించింది. నేను బనగానపల్లెలో ఎనిమిది వరకు చదివాను. ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, మాటలు రావు. నా కూతురు సుచరిత పదో తరగతిలో వాడిన నిఘంటువు అటక మీద ఉంటే దించుకొని, నాలుగు మధ్యాహ్నాలు కూర్చొని ఆయిల్ గురించిన పేజీ ఒక్కటీ చదివాను. పదివేల కిలోమీటర్లకు గానీ ఏడాదికి గానీ మార్చాలి, ఏది ముందొస్తే అది. దుమ్ములో తిరిగితే, ఎండలు ఎక్కువైతే, దగ్గర దగ్గర దూరాలకే మాటిమాటికీ తీస్తుంటే, అందులో సగానికే మార్చాలి. ఎవరో మా ఇంటికొచ్చి చూసిపోయి రాసినట్టుంది. ఇంటికీ అంగడికీ అర కిలోమీటరు. రోజుకు ఆరుసార్లు. వారానికి రెండుసార్లు బనగానపల్లె దోవలో, నాపరాళ్ల లారీల వెనక, ముందు మనిషి కనపడని దుమ్ములో.

మా డ్రైవర్ కంబన్నను అడిగితే, దసరా నుంచి పధ్నాలుగు వేలు దాటిందన్నాడు.

ఆగి ఉన్నదానికి అలుపు రాదనుకోవడం మా ఇంట్లో కొత్త కాదు. మధ్యాహ్నం మూడింటికి నేను గోడకానుకొని కూర్చుంటే, నీకేమే, పని లేదు పాటా లేదు, అని అంటూనే ఉంటారు. ఆ కూర్చోవడంలోనే రేపటి పిండికి పప్పు నానేసిందీ లేనిదీ, అత్త మాత్రలు ఎన్ని మిగిలాయన్నదీ, గ్యాసు బండ వచ్చి ఎన్ని రోజులైందన్నదీ తిరుగుతుంటాయి. వాళ్లకు చప్పుడు వినపడదు.

ఒక ఆదివారం అంగడి స్నేహితులు ఇద్దరు కాఫీకి వచ్చినప్పుడు ఆయన మళ్లీ రెండు దసరాల మాట ఎత్తాడు. నేను ఊరుకోవలసింది. నోరు జారింది. బజ్జీలు వేసిన నూనెను పొయ్యి మీదనే ఉంచితే ఒక తీరుగా ఉంటుంది, కాగబెట్టి, ఆర్పి, మళ్లీ కాగబెడితే తొందరగా నల్లబడుతుంది కదండీ, ఇంజన్‌లో నూనె కూడా అంతేనేమో, పుస్తకంలో రాసుండాది, అన్నాను. వాళ్లిద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఒకతను, ఏమప్పా ప్రసాదూ, మీ ఇంటామె బానెట్ ఎత్తి బజ్జీలు వేస్తాదంటనే, అన్నాడు. సాయంత్రానికి వీధిలో అది బజ్జీల కారైంది. వాళ్లు పోయాక ఆయన ఒకే మాట అన్నాడు. "పదో తరగతి గడప తొక్కనిదానివి, ఇంజన్ గురించి నాకు చెప్తాండావు." అంతే. పదహారు రోజులు.

నాకు మాటలు లేకపోయినా ఫర్వాలేదు. కానీ సుచరిత కడపలో ఉంది. ఏడో నెల. ఎనిమిదో నెల రాకముందే పురుటికి తీసుకురావాలి, ఆదివారం మంచిదన్నారు. ఈ కారే పోవాలి. దువ్వూరు తర్వాత చెట్టు నీడ కూడా లేని చోటు ఒకటి ఉంది. అక్కడ బండి ఆగినట్టు, బిడ్డ నడుము పట్టుకొని రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నట్టు, నేను అన్నం వారుస్తున్నా కనిపించేది. మంచి మాటే రాదు నీ నోట, అంటుంది మా అత్త. నిజమే. చెడ్డది ముందు నేను అనుకుంటే, అది జరగకుండా పోతుందని నా నమ్మకం.

బుధవారం ఆయన స్నానానికి పోయినప్పుడు కంబన్నతో బానెట్ ఎత్తించాను. ఆయిల్ కొలిచే సన్నటి కమ్మీ బయటికి లాగి నా మసిగుడ్డకు తుడిచాడు. మళ్లీ దించి తీశాడు. ఆయిల్ కింది గీతకు కూడా అందలేదు. అంటినది కాటుకలా ఉంది.

"రెండుసార్లు చెప్పినానమ్మా సారుకు," అన్నాడు కంబన్న. "తోలే పని చూడు, ఆలోచించేది నేను చూసుకుంటా అన్నాడు. ఇంగేం జెప్పేది?"

ఈ కారుకు నీళ్లంత పలుచని ఆయిల్ కావాలనీ, ఊళ్లో మెకానిక్కుల దగ్గర దొరకదనీ, కర్నూలు పోవాలనీ అతనే చెప్పాడు. కర్నూలుకు నేను ఏమని చెప్పి పోను? ముప్పై ఏళ్లలో ఈ గడప దాటింది పెళ్లిళ్లకూ, చావులకూ, గుళ్లకూ. మా అత్తతో, సుచరిత పురుడు సుఖంగా జరగాలని మహానందికి మొక్కుకున్నా, రేపు పోయొస్తా అన్నాను. ఆమె కాసేపు నన్ను చూసి, కోనేటి నీళ్లు తే, అని తెల్ల ప్లాస్టిక్ క్యాను చేతికిచ్చింది. మా ఇళ్లల్లో మహానందికి పోయినవాళ్లెవరూ ఆ నీళ్లు లేకుండా రారు.

ఐదింటికి కారు పంపమని వాళ్లమ్మతో చెప్పి ఆయన అంగడికి పోగానే బయలుదేరాం. కర్నూలు దోవలో పాణ్యం దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను, మా బంధువులంతా ఆ రోజే ఆ రోడ్డు మీదికి వచ్చినట్టు. సర్వీసు సెంటర్‌లో కుర్చీల నిండా మగవాళ్లు. కౌంటర్‌లో కుర్రమేనేజరు సార్ రాలేదా అని కంబన్నను అడిగాడు. ఏం చేయాలి అని కంబన్నను అడిగాడు. కంబన్న ప్రతిసారీ నా వైపు తిరిగాడు. ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారన్నప్పుడు, పోయిన దసరాకు, నవమి ముందురోజు, అని నేనే చెప్పాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, రోజుకు ఎన్నిసార్లు తీస్తారో, ఏ దోవ దుమ్మో చెప్పాను. అప్పుడు అతను మొదటిసారి నన్ను చూసి రాసుకున్నాడు.

పాత ఆయిల్ తీశాక లోపలి నుంచి వచ్చి, మంచిపని చేశారమ్మా అన్నాడు. "హైబ్రిడ్ అయినా ఇంజన్ ఇంజనే. ఆగి ఆగి మళ్లీ లేచేదే దానికి కష్టం. మీ దుమ్ముకు ఐదువేలకో ఆర్నెల్లకో మార్పించండి, ఏది ముందైతే అది."

పద్దెనిమిది రోజుల కింద నేను చెప్పిన మాటే. అతని నోట వస్తే ఎవరూ నవ్వలేదు. సంతోషపడాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. సుచరిత సీమంతానికి మా పుట్టింటివాళ్లు నన్ను చీర కొనుక్కోమని ఇచ్చిన డబ్బు కట్టి, నాగలక్ష్మమ్మ అని తెలుగులో సంతకం పెట్టాను. ముందరి అద్దం మూల మీద, కర్నూలు సర్వీసు పేరుతో, మళ్లీ ఎప్పుడు మార్చాలో రాసిన చిన్న కాగితం అతికించారు. వద్దని చెప్పాలని కూడా నాకు తోచలేదు.

తిరిగి వస్తూ పాణ్యం దగ్గర క్యాను గుర్తొచ్చింది. ఐదింటికి ఆయనకు కారు పంపాలి, ఇక మహానందికి వేళ లేదు. కంబన్న బోరింగు దగ్గర బండి ఆపి, ఈ నీళ్లే పట్టేద్దామమ్మా, పెద్దమ్మకేం తెలుస్తాది, అన్నాడు. దిగి క్యాను మూత తీశాను. మా అత్త ఆ నీళ్లు కళ్లకద్దుకుంటుంది. రేపు సుచరిత తల మీద చల్లుతుంది. బిడ్డ పురుడు ముందు పెట్టుకొని దేవుడి పేరుతో దొంగనీళ్లా? మూత పెట్టేశాను.

ఇంట్లో అడుగు పెట్టగానే మా అత్త క్యాను అందుకుంది. అది తేలిగ్గా పైకి లేచింది. ఒకసారి ఊపింది. నన్ను చూసింది. ఏమీ అడగకుండా తన కుర్చీ కిందికి తోసుకుంది. నేను కంబన్నను కారుతో అంగడికి పంపాను.

ఆయన సాయంత్రం కారు దిగి నేరుగా లోపలికి రాలేదు. అద్దం మీది కాగితం దగ్గర నిలబడ్డాడు. చదివాడు. తర్వాత వసారాలోకి వచ్చి కంబన్నను పిలిచాడు.

"ఎవరు పొమ్మంటే పోతివి కర్నూలుకు?"

కంబన్న నేల చూశాడు. నా పేరు చెప్పలేదు. ఆయన చెయ్యి చాపాడు. "తాళం చెవి ఆడ పెట్టిపో. రేపట్నుంచి రావద్దు."

ఇలాంటప్పుడు లోపలికి పోవడం నాకు అలవాటు. పాలు పొయ్యి మీద ఉన్నాయనో, ఏదో మాడుతోందనో పోతాను. ఆ అలవాటుకే కాలు వంటింటి వైపు ఒక అడుగు వేసింది కూడా. కంబన్న జేబులోంచి తాళం చెవులు తీశాడు. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో నన్ను అడిగి పని చేసిన మనిషి అతనొక్కడే.

"నేను పొమ్మన్నా," అన్నాను. "మహానందికి పోలేదు. కర్నూలు పోయి ఆయిల్ మార్పిచ్చినా. ఆదివారం కడపకు నేనూ పోతా. కంబన్నే తోల్తాడు."

ఆయన నా వైపు చూడలేదు. అప్పుడు కూడా చూడలేదు. వాళ్లమ్మ వైపు తిరిగాడు.

"విన్యావామ్మా? మా నాయన ముప్పై ఏండ్లు లారీలు నడిపినాడు, దసరాకు తప్ప ఆయిల్ మార్చలేదని నువ్వే చెప్పు ఈమెకు. ఒక్కటన్నా దోవలో నిలబడినాదేమో చెప్పు."

మా అత్త ఒత్తులు చేసే చేయి ఆగింది. ఆయన, చెప్పమ్మా, అన్నాడు మళ్లీ. ఆమె వంగి కుర్చీ కింది ఖాళీ క్యాను తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని మూత తిప్పింది, మళ్లీ బిగించింది. ఆమె ఇక మాట్లాడదని నేను అనుకున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత ఆ కుర్చీలో నేను అలాగే ఒళ్లో ఏదో పెట్టుకొని కూర్చొని ఉంటానని కూడా అనుకున్నాను.

"నిలబడలేదు," అంది చివరికి. "దసరాకు పూజ మీ నాయన చేసేటోడు. ఉగాదికొకసారి, తొలకరికొకసారి నేను మార్పిస్తాంటి. డ్రైవర్లను పెరటి వాకిలి కాడికి పిలిచి చెప్తాంటి."

"నాయనకు తెలుసా?" అన్నాడు ఆయన.

"తెలీదు. చెప్పింటే మార్చనిచ్చేటోడు కాదు."