ఎక్స్‌రేలో గోల్‌కీపర్

“స్టెన్సిల్ ఇంట్లనే చేస్తనక్కా, కొత్త బ్లేడొకటి తెచ్చిపెట్టు” అని నేను ఫోన్లో రేణుకమ్మతో అంటుంటే, వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న మా అత్తమ్మ భారతమ్మకు ‘టెన్షన్’ అని వినబడింది. ఆ మాట పక్కనే బ్లేడు కూడా వినబడేసరికి ఆవిడ చింతపండు అక్కడే వదిలేసి వీధిలోకి నడిచింది. నేను పప్పుకు పోపు పెట్టేలోగా శంషాబాద్‌లో మా గల్లీ మొత్తానికీ నాకు టెన్షన్ పట్టుకుందని తెలిసిపోయింది. ఒకావిడ మెంతులు నానబెట్టిన నీళ్లు తాగమంది, ఇంకొకావిడ తాయెత్తు కట్టించుకోమంది. నేను ఎవరినీ సరిదిద్దలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో నాకు పెన్షన్ లేదు, అటెన్షన్ అసలే లేదు. కనీసం టెన్షన్ అయినా నా పేరున వచ్చింది కదా అని ఊరుకున్నాను.

అసలు సంగతి వేరు. నేను, రేణుకమ్మ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక ప్యాకింగ్ షెడ్డులో పని చేస్తాం. విమానం ఎక్కే చెక్కపెట్టెల మీద పైకి చూసే బాణం, గొడుగు, గ్లాసు బొమ్మలు కొట్టడం నా పని. పాత ఎక్స్‌రే ఫిల్ములో బొమ్మను బ్లేడుతో కోసి, పెట్టెకు ఆనించి స్ప్రే కొడతాను. ఫిల్ము తీసేస్తే బొమ్మ మిగులుతుంది. అదే స్టెన్సిల్. ఈ పని మగవాళ్లు చేస్తే రిజిస్టర్లో ‘మార్కర్’ అని రాస్తారు, నేను చేస్తే ‘హెల్పర్’ అని రాస్తారు. “నీ గొడుగులు లండన్ పోతున్నయక్కా, ఇంకేం కావాలె?” అంటాడు సూపర్‌వైజర్. నిజమే. గొడుగు లండన్ వెళుతుంది, నేను ఎండలో ఇంటికి వెళతాను.

మా ఆయన మల్లేశ్వర్ క్యాబ్ నడుపుతాడు. మిగిలిన సమయంలో ఊరి ఫుట్‌బాల్ గ్రౌండ్ కమిటీని నడుపుతాడు. కొత్త రాష్ట్రం వచ్చిన ఆ జూన్‌లో, టీవీల నిండా వరల్డ్ కప్ ఉన్న రోజుల్లో, కమిటీకి ఒక ఆలోచన వచ్చింది. ఎక్కడో బ్రెజిల్‌లో ఆడేవాళ్లు మనకెందుకు, మన షుజాత్ సాబ్ బొమ్మనే గ్రౌండ్ గోడ మీద వేద్దామని. షుజాత్ సాబ్ ఒకప్పుడు బూట్లు లేకుండా ఆడి సిటీ జట్టుకు గోల్ కాచినవాడు. కలకత్తాలో ఆయన ఆపిన పెనాల్టీని మా మామగారి వయసువాళ్లు ఇప్పటికీ గాల్లోకి ఎగిరినంత పని చేసి చూపిస్తారు. అయితే పెయింటర్ చెప్పిన రేటు వినగానే కమిటీకి కళ్లు తిరిగాయి.

“నీ డబ్బాల మీద గొడుగులు కొట్టినట్టే గదనే. రెండు స్ప్రేలు తెస్త, ఊకెనే చేసియ్యి” అన్నాడు మా ఆయన.

‘ఊకెనే’, అంటే ఉత్తినే అన్నది మా ఇంట్లో నా మారుపేరు. ఊకెనే వండుతాను, ఊకెనే ఉతుకుతాను, అయినా ‘ఇంట్ల ఊకెనే కూసుంటది’ అనిపించుకుంటాను.

కానీ ఈసారి కోపం కంటే ముందు కుతూహలం పుట్టింది. గొడుగుకు ముఖం ఉండదు, మనిషికి ఉంటుంది. చూడకుండా ఎట్లా కోయాలి? ఆ సాయంత్రం పని నుంచి వస్తూ గ్రౌండ్ దగ్గర దిగాను. గోల్‌పోస్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు షుజాత్ సాబ్.

“సాబ్, గోల్‌ల నిలబడి మీరు ఏం చేసేటోళ్లు?” అని అడిగాను.

ఆయన నవ్వాడు. “గట్ల ఎవ్వరు అడగలేదమ్మా. ఎన్ని ఆపినవ్ అనే అడుగుతరు. ఏం చేస్త? అందరు ఉరుకుతరు, నేను చూస్త. ఆట మొత్తం ఆపితే ఎవ్వరికి యాదుండదు. ఒక్కటి లోపలికి పోయిందనుకో, హైదరాబాద్ మొత్తానికి నా పేరు యాదికొస్తది.”

మాట్లాడుతూ చెయ్యి ఎత్తాడు. కుడి చిటికెనవేలు బయటికి వంగి ఉంది. “గిదా? కలకత్తాల విరిగింది. కట్టు కట్టుకుంట కూసుంటే మ్యాచ్ పోతది గద.”

ఇంటిదాకా ఆ మాటలు నా వెంటే నడిచాయి. అందరూ ఉరుకుతారు, ఒకరు చూస్తారు. గ్యాస్ అయిపోకముందే చెప్పిపెట్టడం, అత్తమ్మ బీపీ మాత్రల్లో ఆఖరిది మిగిలి ఉండగానే కొత్త పట్టీ తేవడం, మా ఆయన యూనిఫాం చొక్కాకు గుండీ ఊడకముందే బిగించడం, ఇవన్నీ నేను ఆపిన బంతులు. ఎవరికీ కనిపించవు. పోయినేడు ఒక్కరోజు ఉప్పు నిండుకుంటే “ఇంట్ల ఏం చేస్తున్నవే నువ్వు?” అని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ నా వలలో వేలాడుతోంది. గోల్ అంటే లక్ష్యమట. మా ఇంట్లో నా మీద అలక్ష్యం తప్ప ఇంకో లక్ష్యం నేను చూడలేదు. గోల ఎవరిదైనా కీపర్ని మాత్రం నేనే.

షెడ్డులో ఆ వారం ఖాళీ ఫిల్ము దొరకలేదు. బీరువా మీద నా నడుము ఎక్స్‌రేలు రెండు ఉన్నాయి, ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. రెండేళ్ల కింద దవాఖానలో తీసినవి. రెస్ట్ తీసుకోమని డాక్టర్ చెబితే “రెస్టారెంట్ల పనిచేసేటోళ్లకే రెస్ట్ ఉండది, నీకేంది?” అని జోకు వేశాడు మా ఆయన. ఇంట్లో పనులన్నీ నాకు వదిలేసిన మనిషి, పన్‌లు కూడా నాకే వదిలేయకూడదా?

కూరగాయల పీట మీద ఒక ఫిల్ములో ముఖం కోశాను, రెండో దాంట్లో చేతులు, వంకర వేలితో సహా. కష్టమంతా కంటి దగ్గరే. కనుపాపలో తెల్లటి మెరుపు ఉంటేనే మనిషి బతికున్నట్టు. ఆ మెరుపు చుట్టూ నలుపంతా కోసేస్తే ఆ ముక్క ఊడి కింద పడుతుంది. అందుకని సన్నటి పట్టీ ఒకటి వదలాలి. గోడ మీద ఆ చోట రంగు అంటదు, కానీ కన్ను నిలబడేది దాని మీదే.

నేను కోసిన ఫిల్ములు, బ్లేడు మా ఆయన ముందే గ్రౌండ్‌కు పట్టుకుపోయాడు. ఆదివారం పొద్దున ముప్పై మందికి చాయ్ ఫ్లాస్కు మోసుకుని నేను వెళ్లేసరికి బొమ్మ గోడ మీదికి ఎక్కేసింది. షుజాత్ సాబ్ బంతికి అడ్డంగా చేతులు చాచి నిజంగా చూస్తున్నాడు. జల్‌పల్లి జట్టు పెద్ద బిక్షం మా ఆయనకు శాలువా కప్పుతున్నాడు.

“ఎవ్వరు కోసిండ్రన్నా, గింత మంచిగ?”

“ఇంకెవరు? రెండు దినాలు కూసున్న” అన్నాడు మా ఆయన. నన్ను చూసి, “చాయ్ పొయ్యి” అన్నాడు.

నేను గ్లాసులు పరిచాను.

“ఎక్స్‌రే మీద కోసిన్నని ఫోన్ల చెప్పినవ్ గద, మా అమ్మ మోకాలుది తెచ్చిన. మా గోడకు గూడ ఒకటి కోసియ్యన్నా, చూస్తం” అన్నాడు బిక్షం.

తప్పించుకునే దారి లేదు. మా ఆయన నా ఫిల్మును దాని మీద పెట్టి గీసుకున్నాడు, నా బ్లేడు పట్టాడు. కంటి దగ్గరికి వచ్చి ఆగాడు. “గిక్కడ జర మిగిలిపోయింది, మొన్న చూసుకోలే” అంటూ ఆ పట్టీని నున్నగా కోసేశాడు. ఫిల్ము ఎత్తగానే షుజాత్ సాబ్ కంటిలో మెరుపు రాలి మట్టిలో పడింది. ముఖం మీద ఉత్త బొక్క మిగిలింది.

గోల్‌పోస్టు పక్కన కూర్చున్న అసలు షుజాత్ సాబ్ కుర్చీలోంచి లేచి నా ఫిల్ము తీసుకున్నాడు. రంగు పడకుండా అంచుకు అంటించిన పేపరు ఊడదీసి, ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. ముఖం పక్కన వెన్నుపూసలు, మూలన తెల్లటి అక్షరాలు.

“నిర్మల. నలభై నాలుగు. ఆడ” అని పైకి చదివాడు. “మల్లేశ్వర్, గిది నీ నడుమేనా?”

గ్రౌండ్ అంతా నవ్వింది.

“ఇంకొకటి చెప్పు. పదేండ్ల నుంచి నాతోటి తిరుగుతున్నవ్. నా ఏ వేలు వంకర?”

మా ఆయన సాబ్ చేతులవైపు చూడబోతే, సాబ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. మా ఆయన నా దగ్గరికొచ్చి శాలువా తీసి నాకు ఇవ్వబోయాడు. “మా ఇంటామె చేస్తే నేను చేసినట్టే గద…”

“అయితే నా నడుం నొప్పి గూడ నీకే ఉండాలె. శాలువా ఉంచుకో. గిది గూడ పట్టు” అని ఫ్లాస్కు ఆయన చేతిలో పెట్టాను.

మోకాలు ఎక్స్‌రేలో ఇంకా జాగా ఉంది. అక్కడే కూర్చుని నా పేరు కోశాను. ‘ని’ గుడికి ఒక పట్టీ, ‘ర’ పొట్టకు ఒక పట్టీ. గోడ మీద షుజాత్ సాబ్ చేతుల కింద ఆనించి స్ప్రే కొట్టాను.

అప్పుడే అత్తమ్మ గల్లీ ఆడవాళ్లందరినీ వెంటేసుకుని ఉరుకుతూ వచ్చింది. కోడలు గ్రౌండ్‌లో బ్లేడు పట్టుకుందని ఎవరో చెప్పారట. “ఓ నిర్మలా, ఆ టెన్షన్‌ల ఏం జేసుకుంటున్నవే?”

గోడ వైపు చూపించి అందరికీ వినబడేలా చెప్పాను. “టెన్షన్ గాదత్తమ్మా, స్టెన్సిల్. గా దినం ఫోన్ల చెప్పింది గిదే. పైన సాబ్ బొమ్మ, కింద చేసినామె పేరు.”

అత్తమ్మ గోడను చూసింది. జూన్ ఎండలో శాలువా కప్పుకుని ఫ్లాస్కుతో నిలబడ్డ కొడుకును చూసింది.

“మరి వీనికేమైందే?”

“టెన్షన్” అన్నాను. “ముప్పై మందికి చాయ్ పొయ్యాలె గద.”