పసుపు రాసిన పొత్రం

ఆ ఆదివారం నవీన్ ఆటకు వస్తాడని ఎవరూ అనుకోలేదు. వాళ్ళమ్మ పిచ్చమ్మ గుంటూరు ఆసుపత్రిలో మిషన్ మీద ఊపిరి తీసుకుంటోంది. కల్లంలో ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తూ ఉన్న మనిషి ఉన్నట్టుండి కూలబడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. అప్పటినుంచి కళ్ళు తెరవలేదు. అటువంటప్పుడు కొడుకన్నవాడు మంచం దగ్గర ఉండాలి గానీ, నరసరావుపేట వచ్చి, హర్ష వాళ్ళ మేడ మెట్లెక్కి, చెప్పులు విడిచి, చాప మీద తన చోట తాను కూర్చోవడమేమిటి? రోహిణి అంతా అయిపోయిందేమో అనుకుంది. అతని మొహంలోకి చూశాక అదీ కాదని తెలిసింది. అయిపోయాక మొహం వేరుగా ఉంటుంది. అటువంటి మొహాన్ని ఆమె ఒకసారి తన ఇంటి అద్దంలోనే చూసింది.

"ఎట్టుందిరా అమ్మకి?" అని హర్ష అడిగాడు.

"అట్టనే ఉంది. అమ్మ కాడ చెల్లెలు ఉందిలే. ఆట మొదలెట్టండి," అన్నాడు నవీన్.

నలుగురూ డిగ్రీ కలిసి చదివినవాళ్ళు. ఇప్పుడు హర్ష పిల్లలకు కంప్యూటర్ చెబుతున్నాడు. ఆసియా వాళ్ళ బట్టల కొట్లో కూర్చుంటుంది. నవీన్, తండ్రి పోయాక, గురజాల దగ్గర తమ పల్లెలో మిర్చీ పత్తీ వేస్తున్నాడు. రోహిణి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఎవరి దారిన వాళ్ళు పోతారేమోనన్న భయంతో, ఆదివారాలు కలుసుకోవడానికి ఒక సాకుగా పెట్టుకున్న ఆట అది. మొదట్లో ఇంటర్నెట్టులో దొరికినవి ఆడారు. వాటిలోని దేవుళ్ళు ఏ మంచుకొండల వాళ్ళో, పిడుగులు విసురుకోవడం తప్ప వాళ్ళకు వేరే పని లేదు. విసుగుపుట్టి హర్షే సొంతంగా ఒకటి కట్టాడు. అందులో ఒక ఊరు, ఊళ్ళో మనుషులు, ఊరి చివర పేరంటాలమ్మ. ఎవరి వేషం వాళ్ళు తీసుకుని, ఆ మనిషిలాగే మాట్లాడుతూ కథ నడపాలి.

దేవత వేషం తనకు వద్దు నాయనా, అమ్మకు తెలిస్తే ఇంట్లోకి రానివ్వదని ఆసియా ముందే చెప్పేసి మంత్రసాని వేషం తీసుకుంది. నవీన్ రైతు. పేరంటాలు రోహిణి.

ఆ వేషం రోహిణి తనే అడిగి తీసుకుంది. ఎందుకో తక్కిన ముగ్గురికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె అక్క అర్చన పసుపు కుంకుమలతో పోయింది. అలా పోయిన ఆడమనిషిని ఆ ఇళ్ళలో పేరంటాలుగా కొలుస్తారు. ఏ శుభం తలపెట్టినా ముందు ఆమెకు చీర పెట్టి దండం పెట్టుకుని, తర్వాతే ఇంట్లోవాళ్ళు కొత్తబట్ట కడతారు. జడ పట్టి గుంజిన అక్క, పరీక్ష తప్పితే నాన్నకు తెలియకుండా కాపాడిన అక్క, ఇప్పుడు గోడ మీద పటం. కన్నతల్లే ఆ పటం ముందు చేతులు జోడించి "తల్లీ, చల్లగా చూడు" అంటుంది. రోహిణికి ఆ పటంతో ఒక్కసారి పోట్లాడాలని ఉంటుంది. పటంతో ఎవరు పోట్లాడగలరు?

ఆటలో ఒక నియమం ఉంది. పేరంటాలు ఏ వరమైనా ఇవ్వొచ్చు. ఇచ్చిన ప్రతిసారీ తను మనిషిగా బతికిన నాటి జ్ఞాపకం ఒకటి పైకి చెప్పి, ఒడిలోంచి ఒక చింతపిక్క తీసి చాప మీద పెట్టాలి. ఆ జ్ఞాపకం ఇక ఆమెది కాదు. పిక్కలు అయిపోతే ఆమె ఉత్త రాయి. మొక్కులు చెవిన పడతాయి గానీ అవేమిటో ఆమెకు అర్థం కావు.

దీని మీద వాళ్ళు చాలా ఆదివారాలు వాదించుకున్నారు. చావూ లేక, పోగొట్టుకునేదీ లేక కూర్చున్నదానికి మనిషి బాధ ఎట్లా తెలుస్తుందని నవీన్ అనేవాడు. పేరంటాలు ఒకప్పుడు మనిషే గదా, తెలియకేమని ఆసియా. తెలుసు గనకే ఇస్తుంది, ఇచ్చేకొద్దీ తెలియకుండా పోతుంది, అందుకే మంచి దేవత ఎక్కువకాలం మనకు దగ్గరగా ఉండలేదని హర్ష. రోహిణి ఏ వైపూ మాట్లాడేది కాదు. మొదట్లో జ్ఞాపకాలు కల్పించి చెప్పేది. కల్పించడం చేతగాక, మెల్లగా తనవీ అక్కవీ చెప్పడం మొదలుపెట్టింది. కాలవగట్టు మీద ఏరుకున్న రేగుపళ్ళు, గోరింటాకు చేతులతో కూర్చుని అక్క చేత తినిపించుకున్న ముద్దలు. పైకి చెప్పాక అవి నిజంగానే పలచబడ్డట్టు అనిపించేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆమె ఒడిలో ఒక్క పిక్కే ఉంది.

చాప మధ్యలో ఉన్న పేరంటాలమ్మ నిజానికి హర్ష వాళ్ళ పాత రుబ్బురోలు పొత్రం. గ్రైండరు వచ్చాక మేడ మీద మూలన పడి ఉండేది. ఆటకు అందంగా ఉంటుందని హర్ష దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు, ఫోటో తీసి అందరికీ పంపాడు. కొడుకు ఫోనులో ఆ ఫోటో చూసి పిచ్చమ్మ చెప్పులు విడిచి దండం పెట్టుకుందట. ఇది ఆటమ్మా అని నవీన్ నవ్వితే, "పసుపు రాసినాక ఆటేందిరా? ఆమెకి ఇన్ని నీళ్ళన్నా పోస్తన్నారా లేదా?" అని కోప్పడిందట. అది తెలిసిన నాటినుంచీ హర్ష వాళ్ళమ్మ రోజూ పైకెక్కి చెంబెడు నీళ్ళు పోసి వస్తోంది. ఆ రాయిని కదపడానికి ఆ ఇంట్లో ఇప్పుడెవరికీ ధైర్యం లేదు.

తన వంతు రాగానే నవీన్ జేబులోంచి తడిగుడ్డ తీసి విప్పాడు. అందులో ఒక చామంతి పూవుంది.

"నేను పేరంటాలమ్మ కాడికొచ్చాను," అన్నాడు. ఆ గొంతు ఆటలో రైతుదే. "తల్లీ, మా అమ్మ మంచాన పడింది. ఇక లేవదంటన్నారు."

ఆ తర్వాత చెప్పిందంతా ఆటలోని ఊరికి సంబంధం లేనిది. మిషన్ ఉన్నన్నాళ్ళూ ఊపిరి ఆడుతుందని, తీస్తే ఎంతసేపో చెప్పలేమని డాక్టర్లు అన్నారు. పుట్టింటికీ మెట్టినింటికీ పెద్దదిక్కైన మనిషి, సొంత గడప తొక్కకుండా పరాయిచోట పోకూడదని మేనమామలు అంటున్నారు. మిషన్ తీయిస్తే నువ్వే చంపినట్టని చెల్లెలు మొహం మీదే అంది. సాయంత్రంలోగా అతను సంతకం పెట్టాలి. వాళ్ళమ్మ మనసులో ఏముందో అడగడానికి లేదు.

హర్ష చేతిలోని కాగితాలు కింద పెట్టేశాడు. "ఒరేయ్, ఆట ఆపుదాం. కిందికి పా, మాట్లాడుకుందాం."

"మాట్లాడేవోళ్ళు ఆసుపత్రి నిండా ఉన్నార్రా. నేను ఆమెని అడగటానికొచ్చా."

అంటూనే తడి చామంతిని పొత్రం నెత్తిన అంటించాడు. పల్లెల్లో పూవు అడగడమంటే అందరికీ తెలిసిందే. కుడివైపు రాలితే ఔనని, ఎడమవైపు రాలితే కాదని. ఇంటికి తీసుకుపోనా తల్లీ అని అడిగి చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఫ్యాను గాలికి రెక్కలు అల్లల్లాడుతున్నాయి. ఆసియా చప్పుడు కాకుండా లేచి ఫ్యాను కట్టేసి వచ్చింది. అది చూసి రోహిణికి భయమేసింది. ఈ గదిలో ఇప్పుడు ఆట అనుకుంటున్నవాళ్ళు ఎవరూ లేరు.

అందరికీ చెమటలు కారాయి. కింద వీధిలో ఆటోలు పోతున్నాయి. పూవు రాలలేదు.

నవీన్ తల తిప్పాడు. "ఆమె పలకట్లా. నువ్వు పలుకు."

నేను రోహిణిని, నాకేం తెలుసు, అనబోయింది. అతని చేతులు కనబడ్డాయి. మిరపకాయల ఘాటుకు కమిలిన వేళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పోనీ మిషన్ ఉంచమంటే రేపటినుంచి ప్రతిరోజూ ఆ మంచం పక్కన నిలబడేది అతనే. తీసుకుపొమ్మంటే బతికినన్నాళ్ళూ చెల్లెలి మాట మోసేదీ అతనే. ఏదైనా సరే, ఆ బరువు ఇంకొకరి నెత్తిన పెట్టడానికే అతను ఇంతదూరం వచ్చాడు. పెట్టడానికి మనిషి నెత్తి చాలదు.

ఆమె ఒడిలోంచి ఆఖరి పిక్క తీసింది.

"మా అక్కని గుంటూరు నుంచి తీసుకొచ్చేటప్పుడు అంబులెన్సులో పక్కన నేనే ఉన్నా," అంది. "ఫిరంగిపురం దాటాం. ఎడమచేతి వైపు కొండవీటి కొండ కనబడతా ఉంది. ఇంటికొచ్చామా అని అడిగింది అక్క. వచ్చేశాం అన్నా. రాలేదు. చానా దూరముంది. నా మాట నమ్మి కళ్ళు మూసుకుంది."

ఇది కన్నతల్లికి కూడా చెప్పని మాట. పిక్కను చాప మీద పెట్టింది.

"మీ అమ్మని ఇంటికి తీసకపో. సంతకం నీది, మాట నాది."

నవీన్ ముందుకు వంగి నేలకు నుదురు ఆనించాడు. పొత్రానికో తనకో రోహిణికి తెలియలేదు. ఆసియా కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

పిచ్చమ్మ ఇల్లు చేరింది. వాకిట్లో దింపి, కొడుకు ఆమె నోట్లో నీళ్ళు పోశాక పోయింది. మర్నాడు రోహిణీ ఆసియా గురజాల బస్సెక్కి వెళ్ళారు. చెల్లెలు అన్న మొహం చూడటం లేదు. నవీన్ మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. అడిగినవాళ్ళందరికీ, పేరంటాలమ్మ రోహిణి నోట చెప్పింది, తీసుకొచ్చానని చెబుతున్నాడు. రోహిణి వాకిట్లోకి రాగానే కూర్చున్న ఆడవాళ్ళు జరిగి దారి ఇచ్చారు. పక్కకు రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు.

ఆట ఆగిపోయింది. పిక్కలైపోయిన దేవతతో ఏం ఆడతారు? రోహిణి రాత్రుళ్ళు అక్క గొంతు గుర్తు తెచ్చుకోబోతే, మేడ మీది గదిలో తను చెప్పిన మాటలే తన గొంతుతోనే వినబడేవి. అంబులెన్సులో అక్క కట్టుకున్న చీర రంగు ఎంత వెతికినా దొరకలేదు. నవీన్‌తో చెప్పుకోవాలనిపించేది. ఫోను చేస్తే ఎత్తి, ఊఁ కొట్టి, వినయంగా పెట్టేసేవాడు. ఎప్పుడూ ముందు ఆమెను ఏదో ఒకటి దెప్పందే మాట మొదలుపెట్టని మనిషి.

పత్తి ఏరే రోజుల్లో ఒక ఉదయం ల్యాబుకొచ్చాడు. రక్తమివ్వడానికి వచ్చినవాళ్ళ వెనక వరసలో నిలబడి ఉన్నాడు. రోహిణికి ప్రాణం లేచొచ్చింది.

"ఏందిరా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? చచ్చావనుకున్నా. రా, కూర్చో."

అతను నవ్వలేదు, కూర్చోలేదు. చేతులు కట్టుకున్నాడు. చెల్లెలు పొలంలో వాటా అడుగుతోందని, మిగిలింది కౌలుకిచ్చేసి హైదరాబాదు వచ్చేయమని స్నేహితులు పిలుస్తున్నారని చెప్పాడు.

"పోనా, ఉండనా?"

పోవద్దురా అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఉన్నవాళ్ళలో నువ్వొక్కడివన్నా ఉండు, నీతో నేను చెప్పుకోవాల్సింది ఉంది, అని. కానీ ఆ మాట ఆమె నోటినుంచి వస్తే అతను ఉండిపోతాడు. స్నేహితురాలు అడిగిందని కాదు, ఆజ్ఞ అయిందని ఉంటాడు. పంట పోయినా, అప్పుల్లో మునిగినా ఉంటాడు.

"నాకు తెలీదు నవీన్," అంది. "నేను రోహిణిని. నాకేమీ తెలీదురా."

అతను, అలిగినవాళ్ళను తొందరపెట్టనట్టు, మెల్లగా తల ఊపాడు.

"పర్లేదు తల్లీ. పలికినప్పుడే పలుకు. మళ్ళీ వస్తా."

ఆమెకు వెన్ను చూపకుండా వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ గాజుతలుపు దాకా వెళ్ళి, అది వీపుకు తగిలాక తోసుకుని బయటికి పోయాడు. రక్తమివ్వడానికి బల్ల మీద కూర్చున్న ముసలాయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, ఇక కానీయమ్మా అన్నాడు.