గొడుగు కింద గాడిద

లీలావతి వేళ్ళ చివర చర్మం లేచిపోయింది. అయినా రుద్దుతూనే ఉంది. ముక్కుకూ నోటికీ అడ్డంగా తడిగుడ్డ కట్టుకుని, వసారాలో పీట మీద కూర్చుని, మోటారు సైకిలు పక్కపెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, సబ్బునీళ్ళలో ముంచిన గరుకు కాయితంతో, వాటర్ పేపరుతో, ఒకే వాలున రుద్దుతోంది. పెట్టె మీది బొమ్మ పొద్దు వాలేలోగా పోవాలి. పోకపోతే ఆమె భర్తను చంపేస్తారు.

ఆ మోటారు సైకిలు సాగర్ డ్యామ్ పనికి వచ్చిన ఇంజనీరు ఒకాయన తిరిగి వెళ్ళిపోతూ అమ్మింది. వెనక చక్రానికి రెండు వైపులా ఫైబర్ గ్లాసు పెట్టెలు. ఆమె భర్త చెన్నకేశవులు సర్పంచిగా గెలిచిన వారానికే వాటి మీద బొమ్మలు వేయించాడు. ఓడిపోయిన జక్కయ్య ఎన్నికల గుర్తు గొడుగు. అందుకని గాలికి తిరగబడిన గొడుగు, దాని కింద గాడిద, గాడిదకు జక్కయ్య మీసాలు. చెన్నకేశవులు రోజూ జక్కయ్య వీధిలోంచే ఆ బండి మీద పోయేవాడు. ఊరంతా నవ్వింది. లీలావతి కూడా మొదటిరోజు నవ్వింది.

జక్కయ్య మనుషులు మాచర్ల రోడ్డు మీద బండి ఆపి చెన్నకేశవులు తొడలో బరిసె దించారు. మర్నాడు అతని తమ్ముడు మస్తాన్‌రావు, జక్కయ్య కొడుకును చేలో పట్టుకుని, చెయ్యి గట్టురాయి మీద పెట్టించి, గొడ్డలితో వేళ్ళు నరికాడు. ఆ సాయంత్రమే జక్కయ్య మనుషులు, బొమ్మ వేసిన పెయింటరు అబ్రహాము రెండు చేతులూ రాయితో చితక్కొట్టారు.

చివరికి కారంపూడి పెద్దమనుషులు ఇద్దరినీ కూర్చోబెట్టారు. కేసులు రెండు వైపులా ఎత్తేసుకోవాలి. బొమ్మ చెరిపెయ్యాలి. పైన వేరే రంగు పూస్తామంటే జక్కయ్య ఒప్పుకోలేదు.

"పైన పూస్తే లోపల నేను గాడిదగానే ఉంటా. పగలగొడతామంటారా, ముక్క దాచిపెట్టి తిరునాళ్ళలో చూపిస్తారు. గీసింది మీరే, గీకాల్సిందీ మీరే. శుక్రవారం పొద్దు వాలేటప్పటికి వచ్చి చేత్తో తడిమి చూసుకుంటా. బొమ్మ మిగిలిందా, మీ సర్పంచి మిగలడు" అన్నాడు.

అబ్రహాము చేతులకు కట్లతో వచ్చి, గుమ్మం బయటే నిలబడి ఎలా చెయ్యాలో చెప్పి వెళ్ళాడు.

"అమ్మా, ఇది ఇనుము గాదు. గాజుపోగుల్ని జిగురులో ముంచి పోత పోసింది. నిప్పుసెగ తగిలిందా, జిగురు అంటుకుంటది. కాస్టిక్ సోడా పోస్తే ఉబ్బి పొరలు లేస్తది. కత్తితో గీకబాకండి. తడిపి రుద్దుకోవాల్సిందే. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగుద్ది. అడుగున బూడిదరంగు కనపడంగానే చెయ్యి ఆపెయ్యండి."

"నువ్వే ఎవరికన్నా చెప్పి చేయించరాదూ అబ్రహామూ?"

"ఎవురొస్తారమ్మా? నా చేతులు చూశాక గూడా?"

అలా ఆ పని ఆమె మీద పడింది. మధ్యాహ్నానికి మొదటి పెట్టె శుభ్రమైంది. రెండో దాని మీద గొడుగు పోయింది, గాడిద మిగిలింది. లోపల మంచం మీద చెన్నకేశవులు కాలు కదిలినప్పుడల్లా మూలుగుతున్నాడు.

మస్తాన్‌రావు చంకలో ఏదో పెట్టుకుని వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పొద్దున్నుంచీ గాడిదకు నలుగుపెట్టి తోముతున్నావు వదినా. పెళ్ళికి తయారు చేస్తున్నావా ఏంది?"

"నువ్వు తోముతావా? ఇదిగో కాయితం."

"నాకు ఓపిక లేదులే. బ్లో ల్యాంపు తెచ్చా. మంట చూపిస్తే నిమిషంలో ఊడొస్తది."

"అది ఇనుము కాదని అబ్రహాము చెప్పాడుగా మస్తానూ. ముట్టుకోకు."

"అసలు ఆ ముసలోడికి మనం భయపడేదేంది వదినా? మనోడే గదా గెలిచింది!"

"గెలిచినోడు లోపల మంచం మీదున్నాడు. వెళ్ళి చూసిరా."

అతను వెళ్ళలేదు. బేసిన్‌లో నీళ్ళు చిక్కబడటంతో మంచినీళ్ళు తోడుకురావడానికి ఆమె బావి దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి వసారా నిండా నల్లటి పొగ, గొంతు పట్టేసే వాసన. పెట్టె నల్లగా పొరలు విచ్చుకుంటూ మండుతోంది. నీళ్ళన్నీ దాని మీద గుమ్మరించింది. గాడిద పొట్ట ఉన్నచోట చెయ్యి దూరేంత కంత. ముఖం మాత్రం అలాగే ఉంది. సెగకు రంగు పొంగి మీసాలు నల్లగా, ఎత్తుగా, మునుపటికంటే కొట్టొచ్చినట్టు లేచాయి.

ఆమె మళ్ళీ వాటర్ పేపరు అందుకుంది. అప్పటికే వాకిట్లో చెప్పుల చప్పుడు.

జక్కయ్య నలుగురితో వచ్చాడు. నలుగురి భుజాల మీదా గొడ్డళ్ళు. చెన్నకేశవులు కర్ర ఊతంగా గడపలోకి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. జక్కయ్య మొదటి పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మెల్లగా పామాడు.

"నున్నగా చేశావు అమ్మాయ్" అన్నాడు. తర్వాత రెండోది చూశాడు.

లీలావతి నోరు తెరిచేలోపే మస్తాన్‌రావు అందుకున్నాడు. "మీసాలు ఒక్కటే కాలనంటున్నయ్ పెదనాన్నా. మొండి రకం."

జక్కయ్య చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు కిందపడ్డ మస్తాన్‌రావు, పక్కనే ఇంకా వెలుగుతున్న బ్లో ల్యాంపు ఎత్తి ఆయన ముఖానికి పెట్టాడు. వెంట్రుకలు కాలిన కమురు కొట్టింది. జక్కయ్య గొంతులోంచి వచ్చింది మనిషి అరుపులా లేదు. లీలావతి బేసిన్ ఎత్తి, రంగు మడ్డి నీళ్ళు ఆయన తల మీద కుమ్మరించింది.

ఆమె తిరిగి చూసేసరికి చెన్నకేశవులు వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ మీద గొడ్డలి అంచు. సన్నటి నెత్తురు చార చెవి కిందికి జారుతోంది. మస్తాన్‌రావును బోర్లా పడేసి ఇద్దరు మోకాళ్ళతో అదిమారు.

జక్కయ్య ముఖం తుడుచుకున్నాడు. ఒక పక్క మీసం లేదు. పైపెదవి తెల్లగా ముడుచుకుపోయింది.

"ఆర్పింది నువ్వు గాబట్టి నిన్నే అడుగుతున్నా అమ్మాయ్. నాకొక తల కావాల. మొగుడిదా, మరిదిదా? చెప్పకపోతే రెండూ."

ఆమె బేసిన్ కింద పెట్టింది. "మీ ఇంట్లో తల పోలేదు బాబాయ్. చెయ్యి చేసిన పనికి చెయ్యి తీసుకోండి."

"ఎవరి చెయ్యి?"

"ల్యాంపు పట్టింది."

మస్తాన్‌రావు తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె చూడలేదు.

జక్కయ్య కాలిన పెదవి తడుముకున్నాడు. "నా మనుషులు కొడితే రేపు మీవోళ్ళు గొడ్డళ్ళు నూరతారు. నీ మొగుణ్ణే కొట్టమను. అప్పుడు పగ మిగలదు."

చెన్నకేశవుల్ని లేపి గొడ్డలి చేతికిచ్చారు. తమ్ముడి కుడిచెయ్యి రోటి అంచు మీద పెట్టారు. "లీలా" అన్నాడతను. వద్దని ఆమె అంటే ఆగిపోయేలా ఉన్నాడు.

"గొడ్డలి తిప్పి మొద్దు వైపుతో కొట్టండి. నరకొద్దు" అంది లీలావతి.

మొదటి దెబ్బ జారి రోలు మీద పడింది.

"కళ్ళు తెరిచి కొట్టన్నా. గురి తప్పుద్ది" అన్నాడు మస్తాన్‌రావు.

రెండో దెబ్బకు మణికట్టు ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. అప్పుడతను అరిచాడు. చెన్నకేశవులు గొడ్డలి వదిలేసి గోడకేసి తల బాదుకున్నాడు. జక్కయ్య ఇంకేమీ అడగకుండా పంచె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని తన మనుషులతో వెళ్ళిపోయాడు.

లీలావతి రెండు వెదురుబద్దలు ఆనించి, పాతపంచె చింపి కట్టు కట్టింది. పాలేరు ఎడ్లబండి కట్టాడు. నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరాక ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

చాలాదూరం పోయాక మస్తాన్‌రావు అన్నాడు: "నన్నడిగితే తలే ఇచ్చేవాణ్ణి వదినా."

"తెలుసు. అందుకే నిన్ను అడగలేదు."

"నన్ను ముట్టుకోబాక."

రోడ్డంతా గతుకులు. వదిలితే కుదుపు కుదుపుకూ ఎముక కదులుతుంది. అతను చెయ్యి లాక్కోబోయాడు. ఆమె పట్టు బిగించింది.