రాణిగారి తెర వెనకవైపు

మరమగ్గాల షెడ్డులో మాట్లాడటానికి నోరు కావాలి గానీ గొంతుతో పనిలేదు. మగ్గాలన్నీ ఒక్కసారి కదిలాయంటే చెవి పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదవులతోనే మాట్లాడుకుంటారు. ఈ చివరి నుంచి ఆ చివరికి కబుర్లు, తగువులు, చాడీలు అన్నీ చప్పుడు లేకుండానే సాగిపోతాయి. కొత్తగా చేరినవాళ్ళు నాలుగు రోజులు తెల్లమొహం వేస్తారు, ఆ తర్వాత వాళ్ళకూ అలవాటైపోతుంది. ఇక ఇంటికి వెళ్ళినా ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం మానేసి నోటివంక చూస్తూ కూర్చుంటారు.

గడగడ అనే అమ్మాయికి ఈ విద్య నేర్పింది సొంత పెద్దమ్మే. అమ్మానాన్నలు పనుల వెంట ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే ఆ పిల్ల పెద్దమ్మ దగ్గరే పెరిగింది. కాస్త ఎదిగాక పెద్దమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మగ్గం ముందు నిలబెట్టింది. శబ్దం లేకపోయినా పెదవులు అంత వేగంగా ఆడిస్తుంది గనక షెడ్డంతా కలిసి గడగడ అని పేరు పెట్టేశారు. ఇప్పుడు పెద్దమ్మకు మగ్గాల మోతకు చెవులు పోయాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. షెడ్డు చివర పెద్ద బల్ల మీద బట్ట తానులు పరచి, వేళ్ళతో తడిమి నేతలో తప్పులు పట్టే పని ఇచ్చారు. చూపు కూడా మందగించింది పాపం, సూదిలో దారం గడగడ ఎక్కించి ఇవ్వాల్సిందే.

ఈమధ్య షెడ్డులో ఒకటే గోల. సెలవు రోజున అందరూ కలిసి కొండమీది పాత ఊరికి పోవాలి, రాజులు కట్టించిన మహళ్ళన్నీ చూసి చీకటి పడేసరికి తిరిగొచ్చెయ్యాలి. పెత్తనమంతా గడగడదే. వ్యాను మాట్లాడింది తనే, ఏ మహలు ముందు, ఏది తర్వాత, క్యారేజీలు ఏ తోటలో విప్పాలి అని తేల్చిందీ తనే. కిటికీ పక్క సీటు కోసం ఇద్దరు అలిగితే వాళ్ళకు తీర్పు చెప్పిందీ తనే. వ్యాను కొండ సగం దాకానే వెళుతుంది, అక్కణ్ణుంచి రాతిమెట్లు ఎక్కాలి. అన్నిటికన్నా పైన రాణిమహలు.

ఆ రాణిమహల్లో ఏముందో పెద్దమ్మకు ఎవరో చెప్పారు. రాణిగారి పడకగదిలో గోడంత తెర ఉందట, నేసి తరాలు గడిచినా రంగు చెక్కుచెదరలేదట. ఆ మాట విన్నప్పటినుంచీ ఆవిడ మనసు మనసులో లేదు.

"ముందువైపు అందరూ చూస్తారే," అంది ఒకరోజు భోజనాల దగ్గర, అదేదో దొంగతనం మాట్లాడుతున్నట్టు గొంతు తగ్గించి. "నాకు వెనకవైపు చూడాలని ఉంది. ముడులు ఎక్కడ దాచిపెట్టాడో ఆ నేసినవాడు. ఒక్క కొస ఇలా ఎత్తి చూసేస్తా."

"కాపలావాడు పట్టుకుంటాడు పెద్దమ్మా!"

"పట్టుకోనీ. ముసలిదాన్ని, ఏం చేసుకుంటాడు?" అని పడీపడీ నవ్వింది. "ఎవరితోనూ అనకు. పిచ్చిదనుకుంటారు."

మర్నాటినుంచీ సాయంత్రం పనినుంచి రాగానే మేడమెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. కటకటాలు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఉస్సురంటూ పైదాకా ఎక్కేది, దిగేది. కొండకు అలవాటు చేసుకుంటున్నానని ఇరుగుపొరుగులకు చెప్పుకునేది. గడగడ మాత్రం వంటింట్లో నిలబడి ఆ అడుగుల చప్పుడు వింటూ పళ్ళు కొరుక్కునేది. ఎందుకంటారా? ఆ పిల్ల ఊహలో ఆ ప్రయాణం వేరు. స్నేహితురాళ్ళతో మెట్ల మీద పరుగులు పెట్టాలి, బురుజుల మీద నిలబడి గాలికి అరవాలి, ఫొటోలు దిగాలి. చెయ్యి పట్టుకుని నడిపించే పని ఇంట్లో రోజూ ఉన్నదేగా, ఒక్కరోజు తప్పితే కొంప మునుగుతుందా అనుకుంది. అనుకోవడం వరకు అనుకుంటే సరిపోయేది.

ఆ రోజు ఎదురు మగ్గం దగ్గరుండే పొడుగామె పెదవులతో అడిగింది.

"మీ పెద్దమ్మ వస్తుందా మనతో?"

"ఆవిణ్ణి తీసుకెళితే కోట చూసినట్టే!" అంది గడగడ. "మెట్టుకో గంట. మనం రాణిమహలు చేరేసరికి రాణిగారే దిగొచ్చి మనకు ఎదురు రావాలి."

పొడుగామె నవ్వింది. ఇటుపక్కన ఇద్దరు, అటుపక్కన ఒకామె కూడా నవ్వారు. నలుగురు నవ్వితే గడగడ ఆగుతుందా? మగ్గం కడ్డీ పట్టుకుని, రెండు పాదాలూ ఒకచోట ఆనించి, నడుము మీద చెయ్యి వేసుకుని పెద్దమ్మ మేడమెట్లు ఎక్కే తీరు చేసి చూపించింది.

"అది కాదు, పైకెళ్ళాక ఏం చేస్తుందో తెలుసా? రాణిగారి తెర కొస ఎత్తి ముడులు లెక్కపెడుతుందట! కాపలావాడు జుట్టు పట్టుకుని కొండమీదినుంచి తోసేస్తే మనమే మోసుకురావాలి. వ్యానులో చోటు లేదని చెప్పేస్తాలే."

నవ్వుతున్న పొడుగామె మొహం ఉన్నట్టుండి పాలిపోయింది. చూపు గడగడ భుజం మీదుగా వెళ్ళి షెడ్డు చివర ఆగింది, మళ్ళీ చటుక్కున కిందికి దిగింది. గడగడ తిరిగి చూసింది. పెద్దమ్మ బట్ట మీదికి వంగి ఉంది. కానీ గడగడ ఆ నడక చేసి చూపించిందీ, తెర మాట చెప్పిందీ ఆ బల్లవైపు పక్కకు తిరిగే. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

పని ఆగాక బయట కుళాయి దగ్గర పొడుగామెను పట్టుకుంది.

"చూసిందంటావా?"

"చూసింది."

"ఏం కాదు. ఆవిడకి సూదిబెజ్జమే కనబడదు, అంత దూరం ఏం కనబడుతుంది?"

"మా అమ్మకీ సూదిబెజ్జం కనబడదు," అంది పొడుగామె చేతులు తుడుచుకుంటూ. "వీధి మొదట్లో మనిషి మలుపు తిరిగితే ఎవరో చెప్పేస్తుంది. వయసు మీదపడితే పోయేది దగ్గర చూపే తల్లీ. అది కూడా తెలీదా నీకు?"

తెలీదు. రోజూ సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, ఆవిడకు ఇక లోకమే కనబడదని తీర్మానించేసుకుంది ఆ మహాతల్లి.

ఆ సాయంత్రం మేడమెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. గడగడ వంటింట్లో చెవులు రిక్కించి నిలబడింది. ఇన్నాళ్ళూ విసుక్కున్న ఆ ఉస్సురుమనే ఊపిరి ఇప్పుడు వినబడితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. బయటికొచ్చి చూస్తే పెద్దమ్మ చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"నేను రానులేవే కొండకి," అంది తలెత్తకుండా. "మోకాళ్ళు సలుపుతున్నాయి. మీరు వెళ్ళిరండి."

చెప్పడానికే సిగ్గుచేటు గానీ, గడగడ మనసులో మొట్టమొదట పుట్టింది హమ్మయ్య అన్న మాటే. దాని వెనకే వచ్చింది సిగ్గు, ఒళ్ళంతా చీము పట్టినట్టు సలిపేసే సిగ్గు. గబగబా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, ఇటు చూడు. పెద్దమ్మా!"

చెవులు లేని మనిషికి మాట చేరాలంటే ఆవిడ మన నోటివంక చూడాలి. పెద్దమ్మ చూడలేదు. భుజం తట్టింది, చూడలేదు. గడ్డం పట్టుకోబోతే మెల్లగా ఆ చేతిని పక్కకు తీసి, ఒలిచిన చిక్కుళ్ళ గిన్నె అందులో పెట్టింది. కోపంగా కాదు, రోజూ ఇచ్చినట్టే ఇచ్చింది. ఆ రాత్రి ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు, ఎదురెదురుగా కూర్చోలేదు.

మర్నాడు షెడ్డులో గడగడ మగ్గం ఆపేసింది. మగ్గం ఆగితే మేస్త్రీ చంపేస్తాడని అందరికీ తెలుసు, అందరూ ఇటు తిరిగారు. నడవ మధ్యలోకి వచ్చి నిలబడి షెడ్డు చివరికి చూస్తూ రెండు చేతులూ ఊపింది. పెద్దమ్మ తలెత్తింది. తిట్టేటప్పుడు కూడా తొందరపడే ఆ పెదవులు ఆ పూట ఒక్కో మాటా విడదీసి పలికాయి.

"నిన్న నేనన్నది నువ్వు చూశావు. నువ్వు ఎవరితోనూ అనొద్దన్న మాట అందరి ముందూ పెట్టి నవ్వించాను. నీ నడక చేసి చూపించాను. బుద్ధి గడ్డి తిన్నది పెద్దమ్మా. నువ్వు రా. మెట్టుకో గంట పట్టనీ, నీతోనే ఎక్కుతా. తెర కొస నేనెత్తి పట్టుకుంటా, నువ్వు చూడు."

మిగతా మగ్గాలు మోత పెడుతూ తమ మానాన తాము ఆడుతున్నాయి. నిన్న నవ్వినవాళ్ళంతా చేతిలో పోగులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. పొడుగామె మొహం తిప్పేసుకుంది. పెద్దమ్మ బట్ట మీదినుంచి చెయ్యి తీసి నిటారుగా నిలబడింది.

"నువ్వేమంటున్నావో నాకు తెలియడం లేదే తల్లీ," అంది పెదవులతోనే, మెల్లగా, షెడ్డంతా చదువుకునేట్టు. "ఇంత దూరం నా కళ్ళు ఆనవు. నిన్న కూడా ఆనలేదు."

ఎవ్వరూ నవ్వలేదు. అంత దూరంనుంచి అడిగినదానికి అంత దూరంనుంచే జవాబు చెప్పి కనబడలేదంటోంది ఆవిడ. నలుగురి ముందూ తిట్టిపోసి, చెంప పగలగొట్టి ఉంటే గడగడ ఏడ్చి ఊరుకునేది. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మళ్ళీ రమ్మని బతిమాలాలని నోరు తెరిచింది. పెద్దమ్మ తిరిగి పనిలో పడలేదు. నిన్న సాయంత్రం చూడనన్న ఆ నోటివంకే చూస్తూ నిలబడింది.