వదులు చేసిన కుట్లు

టైలరమ్మ పొద్దున్నే షట్టరెత్తి, మిషనుకి రెండు చుక్కలు నూనె వేసి, నేల ఊడ్చి, అప్పుడు బొమ్మ మీది దుప్పటి తీస్తుంది. నడుము చుట్టూ టేపు పెడుతుంది. అంకె చూసుకుంటుంది. ఎక్కడా రాసుకోదు. దుప్పటి మళ్ళీ కప్పేస్తుంది.

బట్టలు తొడిగి చూడ్డానికి కొన్న మామూలు బొమ్మే అది. తల లేదు, చేతులు లేవు, ఒంటి ఇనప కాలు. కూతురికి పదమూడేళ్ళు వచ్చిన ఏడు నుంచి కూతురితోపాటే పెరుగుతోంది. కూతురు ఒళ్ళు చేస్తే అదీ ఒళ్ళు చేస్తుంది. కూతురు జ్వరమొచ్చి చిక్కితే అదీ చిక్కుతుంది. వీధిలో అందరికీ తెలుసు. పక్క కొట్టు ఇస్త్రీ పిన్ని అయితే కూతురి కబుర్లు తల్లిని అడగడం ఎప్పుడో మానేసింది. దుప్పటి తీసినప్పుడు వచ్చి బొమ్మని చూసి పోతుంది.

"మీ పండు అత్తారింట్లో బాగానే తింటున్నట్టుందే," అంటుంది.

"తిననీ పిన్నీ. నీ ఇంటికొచ్చి అడిగిందా?"

పండుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దని టైలరమ్మ అందరి దగ్గరా మాట తీసుకుంది.

పదమూడో ఏట, బళ్ళో అందరి ముందూ పండు గౌను చంక దగ్గర పిగిలింది. పిల్లలు నవ్వారు. పండు రెండు రోజులు తిండి ముట్టలేదు. మూడో రోజు తల్లి బీరువాలో గౌన్లన్నీ తెచ్చి, పక్క కుట్లు విప్పి, లోపల మడిచి వదిలిన గుడ్డ బయటికి లాగి, ఒక్కోటీ అంగుళం వదులు చేసి, ఎక్కడివక్కడ పెట్టేసింది. పండు ఒకటి తొడుక్కుని అద్దంలో చూసుకుంది.

"సరిపోయిందమ్మా. నేనేం లావవలేదు," అంది. ఆ పూట తింది.

ఆ మాట కోసం టైలరమ్మ ఇరవై ఏళ్ళు కుట్లు విప్పింది. పెళ్ళయ్యాక కూడా పండు శనివారం బట్టలు తెస్తుంది, గుండీ ఊడిందనో అంచు జారిందనో. సోమవారానికి గుండీ పడుతుంది, పక్కలు వదులవుతాయి. మడతలో గుడ్డ అయిపోతే అదే రంగు గుడ్డ వెతికి అతుకు వేస్తుంది. అతుకు ఎక్కడుందో చూసినవాళ్ళు లేరు.

పండుకి మూడో కడుపు కూడా తొమ్మిదో వారంలోనే పోయింది.

అల్లుడు ఊళ్ళో లేడు. డాక్టరు దగ్గరికి టైలరమ్మే వెంట వెళ్ళింది. నర్సు పండుని బరువు మిషను ఎక్కించి కాగితం మీద అంకె వేసింది. డాక్టరమ్మ కాగితం చూసింది.

"ఎప్పట్నుంచమ్మా బరువు పెరుగుతున్నారు?"

"నేను పెరగలేదండీ," అంది పండు. "పెళ్ళినాటి గౌన్లు నాకిప్పటికీ పడతాయి. మీ మిషనే తేడాగా ఉంది."

"నా బరువు సరిగ్గానే చూపిస్తోందండీ, అదే నా బాధ," అంది నర్సు.

డాక్టరమ్మ నవ్వలేదు. "తొలి నెలల్లో పోయేవాటిలో చాలావాటికి తల్లి చేసిందేమీ ఉండదు. ముందు ఆ మాట మనసులో పెట్టుకోండి. కానీ బరువు బాగా ఎక్కువైతే పోయే అవకాశం కొంత పెరుగుతుంది. షుగరు కూడా చూడాలి. మళ్ళీ కడుపు రాకముందే చూసుకుంటే మంచిది."

పండు తలాడించింది. నమ్మలేదని తల్లికి తెలుస్తూనే ఉంది. టైలరమ్మ ఒళ్ళో ఉన్న తన చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది. ఎవరో మర్చిపోయి వెళ్ళిన చేతుల్లా ఉన్నాయి.

బస్సులో పండు అంది, "ఆ టెస్టులేవీ వద్దులేమ్మా. బరువే సరిగ్గా చూడనివాళ్ళు షుగరేం చూస్తారు. వచ్చే నెల నుంచి మళ్ళీ ప్రయత్నిద్దామంటున్నారు మీ అల్లుడు."

టైలరమ్మకి ఏడుపు రాలేదు. భయం కూడా వెయ్యలేదు. స్టాపు రాగానే కూతురి మణికట్టు పట్టుకుని దింపింది.

"కొట్టుకి రా."

"ఇప్పుడేం పనమ్మా? పడుకోవాలి నేను."

"రా."

కొట్లో నిలబెట్టి చెప్పింది. "నీ గౌన్లు నేను వదులు చేస్తున్నా. నీ పదమూడో ఏటి నుంచి. నీకు తెలీకుండా."

పండు తల అడ్డంగా ఊపింది. "నన్ను ఓదార్చడానికి లేనిపోనిది నెత్తినేసుకోకు."

టైలరమ్మ దుప్పటి లాగేసింది.

పండు బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ కింద తన పుట్టుమచ్చ కూడా ఉంది. తన వీపు తనే చూసుకోవడం అదే మొదలు. పొత్తికడుపు దగ్గర బొటనవేలు పట్టేంత గుంటలు మూడున్నాయి. వాటి మీద వేళ్ళు పెట్టింది.

"ఇవి?"

"అవే."

"ఎప్పుడు పడ్డాయి?"

"నువ్వు ఫోను చేసే ముందు రోజు. ప్రతిసారీ."

"అయితే నీకు ముందే తెలుసు."

"ఊఁ."

ఇస్త్రీ పిన్ని గుమ్మంలోకి వచ్చింది. పండునీ బొమ్మనీ పక్కపక్కన చూసింది. వెనక్కి తిరిగింది.

"ఎందుకు చేశావమ్మా?"

"రెండు రోజులు తినలేదు నువ్వు," అంది తల్లి.

పండు అరవలేదు. బొమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి ఎత్తుకుంది. "నా సంగతి నా దగ్గరే ఉండనీ," అని వెళ్ళిపోయింది. బస్సులో ఒకావిడ జరిగి బొమ్మకి చోటిచ్చిందని, కండక్టరు ఇద్దరికీ టికెట్టు కొట్టాడని తర్వాత పిన్ని ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పింది.

ఆ తర్వాత శనివారాలు ఖాళీ. టైలరమ్మ పొద్దున్నే షట్టరెత్తేది, నూనె వేసేది, ఊడ్చేది. అక్కడితో చేతులు ఆగిపోయేవి. ఒకసారి ఒకే గౌనుకి రెండూ ఎడం చేతులే కుట్టింది. అల్లుడు అప్పుడప్పుడు ఫోను చేసేవాడు.

"షుగరుందన్నారత్తయ్యా. మందులిచ్చారు. రోజూ నడుస్తోంది. డాక్టరు సరేనన్నదాకా ఆగుదామంది. మీ మాటెత్తితే మాత్రం లేచి వెళ్ళిపోతోంది."

"సరే బాబూ."

ఏడాది దాటాక పండే ఫోను చేసింది. "అమ్మా, టేపు తీసుకుని రా."

వెళ్ళింది. బొమ్మ ముందు గదిలో, కిటికీ పక్కన, దుప్పటి లేకుండా నిలబడి ఉంది. మునుపటంత లావు లేదు. అయినా లావే. పొట్ట మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది.

"నాకంటే ముందు దానికే తెలిసింది," అంది పండు. "ఒక పొద్దున ఇలా వెచ్చబడింది. ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికెళ్ళా. మందు మార్చింది. వారం వారం చూస్తోంది."

టైలరమ్మ గుంటలు లెక్కపెట్టింది. మూడే. "ఎన్నో వారం?"

"పదమూడు."

టైలరమ్మ టేపు విప్పి బొమ్మ నడుం చుట్టూ తిప్పబోయింది.

"దానికి కాదు," అంది పండు. "నాకు."

చేతులు రెండూ పైకెత్తి నిలబడింది. కూతురి ఒంటి మీద టేపు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. రెండు కొసలూ కలవడానికి టైలరమ్మకి చాలాసేపు పట్టింది.

"పైకి చెప్పు," అంది పండు.

టైలరమ్మ అంకె చెప్పింది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది.