కోళ్లగూటి గడియ

కోళ్లావిడకి రోజు మొత్తంలో తనదంటూ ఉన్నది పొద్దున్నే ఒక్క గంట. ఆ గంట కోసమే ఆమె కోళ్లు పెంచుతోందని ఎవరికీ తెలియదు. గుడ్ల కోసమనుకుంటారు.

గూటి తలుపు తీయగానే ముందుగా బయటికి దూకేది చాడీలమ్మ. అదొక ఎర్రపెట్ట. రాత్రంతా గూట్లో ఎవరు ఎవర్ని తోశారో, ఎవరి రెక్క ఎవరి మీద పడిందో, ఆమె కాళ్ల దగ్గర నిలబడి ఏకరువు పెడుతుంది. దాని వెనకాల పెద్దక్క, అందరూ తనకోసం ఆగాలన్నట్టు తీరిగ్గా దిగుతుంది. ఆమె బకెట్టు బోర్లించి కూర్చుని దోసిట్లో గింజలు పట్టుకుంటే, అవి అరచేతిని పొడిచి పొడిచి తింటాయి. నొప్పేమీ ఉండదు, చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది. తర్వాత గూట్లో గడ్డి వెతికితే అప్పుడే పెట్టిన గుడ్డు చేతికి తగులుతుంది. దాన్ని వెంటనే గిన్నెలో వెయ్యదు. చెంపకి ఆనించుకుని, వెచ్చదనం పోయేదాకా కళ్లు మూసుకుని కూర్చుంటుంది. ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకుంటారు. ఎవరూ చూడరు కాబట్టే ఆమెకి ఆ పెరడంటే అంత ఇష్టం.

ఇలా ఉండగా ఆయన రిటైరయ్యాడు.

ఆమె భర్త ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేశాడు, పెళ్లికి ముందునుంచీ అదే ఉద్యోగం. వీధిలో అందరూ ఆయన్ని గేటాయన అనే అంటారు. తన కంట పడకుండా ఆ ఆవరణలో ఈగ కూడా వాలదని ఆయన గొప్ప. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మలాగే, తను లేకపోతే ఫ్యాక్టరీ మూతపడుతుందనుకున్నాడు. మూతపడలేదు సరికదా, నిక్షేపంలా నడుస్తోంది. చింత చచ్చినా పులుపు చావదు కదా, వాడకుండా మిగిలిపోయిన ఆ కాపలా అంతా మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

"ఎక్కడికి?"

"పెరట్లోకండీ."

"ఎందుకు?"

"కోళ్లని వదలాలిగా."

"ఎంతసేపు?"

కోపంగా అడగడు, చిక్కంతా అక్కడే ఉంది. కోపంగా అడిగితే కోపంగానే జవాబు చెప్పొచ్చు. ఈయన మాత్రం పాలు పొంగాయా అని అడిగినంత మామూలుగా అడుగుతాడు. ఒకరోజు ఉండబట్టలేక, "ఇలా ప్రతిదానికీ ఆరా తియ్యకండి" అంది.

ఆయన నిజంగానే తెల్లబోయాడు. "అడిగితే తప్పేముందే? నీమీద ధ్యాస ఉండబట్టే కదా?"

అవునేమో అనిపించింది ఆమెకి. తాగడు, తిట్టడు, చెయ్యెత్తి ఎరగడు. అలాంటి మొగుడి మీద ఎవరికని చెప్పుకుంటుంది, ఏమని చెప్పుకుంటుంది? ఫోన్లో కూతురి దగ్గర కదిపి చూస్తే, "నాన్నకి తోచట్లేదమ్మా, పాపం. నువ్వే సర్దుకోవాలి" అంది. ఆమె సర్దుకుంది. ఎంత సర్దుకున్నా ఊపిరాడని చోటు ఒకటి గుండెలో మిగిలిపోయింది.

మొదట్లో వెనక గుమ్మంలో నిలబడి చూసేవాడు. తర్వాత పెరట్లోకి దిగాడు. ఆ తర్వాత ఏకంగా బకెట్టు పక్కనే చేరాడు. ఎర్రపెట్ట ఎందుకలా అరుస్తోంది, జబ్బేమైనా చేసిందా? ఈ గుడ్డేంటి, నిన్నటిదానికంటే చిన్నగా ఉంది? గడ్డి నిన్ననే మార్చావుగా, మళ్లీ ఎందుకు? కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఏమిటో ఆమెకి అక్షరాలా తెలిసొచ్చింది. గుడ్డుని చెంపకి ఆనించుకోవడం మానేసింది. తీసినవి తీసినట్టే గిన్నెలో వేసుకుని లోపలికి వచ్చేసేది.

ఒక పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుండగా ఆమె చప్పుడు కాకుండా పెరట్లోకి జారుకుంది. ఆ గూడు చిన్నదేం కాదు. మనిషి వంగి లోపలికి దూరొచ్చు, చుట్టూ ఇనుప వల. కోళ్లన్నీ బయటికి పోయినా నల్లపెట్ట మాత్రం వెనక మూల గుడ్లు పొదుగుతూ కూర్చుంది. పిల్లలయ్యే వేళయింది. ఆమె చెప్పులు బయట విడిచి, లోపలికి దూరి, గడ్డిపెట్టెల వెనకాల చతికిలబడింది. పెట్ట పొట్ట కింద చెయ్యి పెట్టి చూస్తే ఒక గుడ్డు లోపల్నించి టిక్కుటిక్కుమంటోంది. ఆమె ఊపిరి బిగబట్టింది.

అప్పుడు గేటాయన పెరట్లోకి వచ్చాడు. గూటి తలుపు బార్లా తీసి ఉంది. తెరిచి ఉన్న గేటుని చూసి ఊరుకోవడం ఆయన ఒంట్లో లేదు. లోపల ఎవరున్నారో, కోళ్లు ఎటు పోయాయో చూడలేదు. కళ్లకంటే ముందు చెయ్యి కదిలింది. తలుపు మూసి, గడియ వేసి, సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుని వెళ్లిపోయాడు.

"ఏవండీ" అనే మాట ఆమె గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

కాసేపటికి ఇంట్లో పిలుపులు మొదలయ్యాయి. "ఏమే!" అని వంటింట్లో, "ఎక్కడున్నావే?" అని వీధి గుమ్మంలో. గోడవతల దర్జీ పని చేసే పక్కింటావిడ మిషను టకటక ఆగింది.

"మా ఆవిడ ఇటొచ్చిందామ్మా?"

"లేదన్నయ్యా. వదిన బజారుకేమైనా వెళ్లిందేమో."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే వెళ్లనిస్తారా ఏంటి?" అని ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

తర్వాతి పిలుపులో భయం వినిపించింది. ఆమెకి అయ్యో అనిపించింది. పలకాలనీ అనిపించింది. గుడ్డు పెంకు మీద సన్నటి బీట పడింది, దాన్ని చూస్తూ పలక్కుండా కూర్చుంది. చాలాకాలానికి ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సిగ్గుపడేంత సుఖంగా ఉంది.

చివరికి చెప్పులు పట్టిచ్చాయి. ఆయన పరుగున వచ్చి వలకి మొహం ఆనించాడు.

"ఇక్కడున్నావా! గడియ ఎవరు వేశారే?"

"మీరే."

"నేనా?" ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు. "మరి పిలవొచ్చు కదా? నా ప్రాణాలు పోయాయి."

"పిలిస్తే తలుపు తీస్తారుగా."

ఆయనకి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అరుస్తాడనుకుంది. అరవలేదు. "నేనడుగుతుంటే నీకంత కష్టంగా ఉందా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఒక్క గంటండీ. రోజుకో గంట నన్ను నా మానాన వదిలేస్తే చాలు. ఇంకేం అడగను."

పై అధికారి కొత్త డ్యూటీ అప్పజెబుతుంటే విన్నంత శ్రద్ధగా ఆయన తలాడించాడు. "అంతేనా? ముందే చెప్పుంటే పోయేదిగా." తీయబోతూ గడియ మీద పెట్టిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు హాయిగా కూర్చో. నేను చూసుకుంటాగా."

అని గూటి తలుపుకి వీపు తిప్పి, చేతులు వెనక్కి కట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. రిటైరయ్యాక ఆ భుజాలు అంత నిటారుగా ఎప్పుడూ లేవు.

దర్జీ గోడ మీంచి తొంగి చూసింది. "వదిన దొరికిందా అన్నయ్యా?"

"దొరికింది. లోపలుంది. గంటదాకా ఎవరూ కలవడానికి వీల్లేదు" అన్నాడు గేటాయన.

వలలోంచి ఆమెకి ఆయన వీపు తప్ప ఇంకేమీ కనబడలేదు. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆ మనిషి మీద ఎన్నడూ లేనంత ప్రేమ కూడా వచ్చింది. ఇప్పుడిక ఆయనకి ఏమని చెప్పాలో తెలియక గడ్డి మీద అలాగే కూర్చుండిపోయింది.