మూడో భాగం చివరి ఆరు నిమిషాలు

వీడియో గేముల విషయంలో నాకు రెండు నియమాలుండేవి. ఒకటి, వరస తప్పకూడదు. మొదటి భాగం ఆడనివాడు రెండోది ముట్టుకోకూడదు, రెండోది ముగించనివాడు మూడోదాని పేరెత్తకూడదు. రెండు, పాత గేముకు రంగులద్ది మళ్లీ అమ్మే కొత్త ఎడిషన్ల జోలికి పోకూడదు. పాత గుడికి ఆయిల్ పెయింట్ వేస్తే ఎలా ఉంటుందో అవీ అలాగే ఉంటాయి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆఫీసులో సెక్షన్ ఆఫీసర్ ముందు నోరు మెదపని అసిస్టెంటునే కానీ, సాయంత్రం వైశాలి మెట్రోలో సీటు దొరికి ఫోన్ తీశానంటే రెండు వందల మంది ఉన్న ఢిల్లీ తెలుగు గేమర్ల వాట్సాప్ గ్రూపుకు నేనే గురువును. ఎవరికి ఏ సందేహం వచ్చినా “విష్ణన్నను అడగండి” అనేవారు.

కిందటి ఆగస్టులో సాయిప్రకాష్ అనే కుర్రాడు అడిగాడు. సిద్దిపేటవాడు, వసంత్ కుంజ్ దగ్గర గది తీసుకుని యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు.

“అన్నా, ‘గ్రే ఫెర్రీ’ మొదటి భాగం స్కూల్ల ఉన్నప్పుడు సగం ఆడిన. ఆ పడవాయన చెల్లెను ఇంటికి చేరుస్తడా లేదా తెల్వాలె. నాకు టైం లేదు. సీదా మూడో భాగం ఆడొచ్చా?”

టైం లేదట! నాకు ఒళ్లు మండింది.

“పునాది లేకుండా మూడో అంతస్తు కడతావా తమ్ముడూ? మొదటి భాగం, అదీ పాతది, మొదట్నించీ ఆడు. రెండోది విసుగ్గా ఉంటుంది, భరించు. మూడోదాని చివర ఆరు నిమిషాలు ఒక్క మాట ఉండదు. అది చెబితే వినేది కాదు, కళ్లతో చూడాల్సిందే. ముందు దానికి అర్హత సంపాదించుకో” అని రాశాను. నలభై మంది దండాల బొమ్మలు పెట్టారు.

పాపం, చెప్పింది చెప్పినట్టు చేశాడు. సెప్టెంబరులో మళ్లీ అడిగాడు. “అన్నా, పాతదాంట్ల అక్షరాలు మస్తు చిన్నగున్నయి. అంతా చీకటే. కొత్త ఎడిషన్ తీస్కోనా?”

“అక్షరాలు చిన్నవని గేమే మారుస్తావా? కళ్లద్దాలు మార్చుకో” అన్నాను. గ్రూపంతా నవ్వింది. అతనూ నవ్వుతున్న బొమ్మే పెట్టాడు.

దీపావళి వెళ్లాక మొదటి భాగం అయిందన్నాడు. రెండోది మొదలుపెట్టాడు. ఇరవై గంటలు పొగమంచులో పడవ నడపడం తప్ప అందులో ఇంకేమీ లేదు. డిసెంబరులో “ఇంకా ఒడ్డు చేరలేదా?” అని ఎగతాళి చేశాను. జవాబు రాలేదు. ఈకాలం పిల్లలింతే, మధ్యలో వదిలేశాడనుకున్నాను.

జనవరి చివర ఫోన్ చేసి ఒకసారి కలవాలన్నాడు. శనివారం మధ్యాహ్నం అశోకా రోడ్డులో, మన తెలుగు భోజనం దొరికే క్యాంటీన్‌లో కలుద్దామన్నాను. ఆటో భయ్యా అతన్ని చెయ్యి పట్టుకుని దింపాడు.

“విష్ణన్నా?” అన్నాడు నా పక్కనున్న గోడను చూస్తూ.

లోపల కూర్చున్నాక పప్పు ఎటుందో, కూర ఎటుందో వేలితో తడిమి తెలుసుకున్నాడు. నేను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను.

“కంటి నరం ఎండిపోయే జబ్బన్నా. జూన్ల ఒక కన్ను పోయింది. రెండోది ఆర్నెల్లు కూడ ఆగుడు కష్టమన్నరు. మందు లేదు. నవంబర్ దాంక పెద్ద అక్షరాలు, బొమ్మలు మంచిగనే కనబడ్డయి. గిప్పుడు నడిమిట్ల ఏం లేదు, పక్కలకే జర మసక మసక.”

“ముందే చెప్పొచ్చు కదయ్యా!” అని అరిచాను. వరసలో నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. నా కోపం అతనిమీద కాదు.

“చెప్తే అయ్యో అంటరన్నా. తెలిసినోళ్లందరు అదే అంటున్నరు. నువ్వొక్కనివే తిట్టినవ్. మంచిగనిపించింది.”

ఆ మాట విన్నాక నాకు చచ్చిపోవాలనిపించింది. అతను మాత్రం చారు కలుపుకుంటూ, “ఆ ఆఖరు జర చెప్పన్నా” అన్నాడు.

మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని అతని గదికి వెళ్లాను. మూడో భాగం చివరి ఘట్టం నా దగ్గర సేవ్ చేసి ఉంది. తెరకు ఎదురుగా కూర్చున్న సాయిప్రకాష్, కంటికొసకు ఏమైనా అందుతుందేమోనని ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు. పడవ ఒడ్డుకు తగిలింది. అక్కణ్నుంచి మాటల్లేవు.

“ఏమైతున్నదన్నా?”

“చెల్లెలు దిగింది. మెట్లెక్కుతోంది.”

“ఆయన?”

“పడవలోనే ఉన్నాడు. దిగలేదు. ఆమెనే చూస్తున్నాడు.”

“ముఖం ఎట్లున్నది?”

ఆ ముఖాన్ని నేను ఏడుసార్లు చూశాను. ఏడుసార్లూ ఏడ్చాను. “బాధగా ఉంది” అన్నాను. అది కాదు. “సంతోషం కూడా.” అదీ కాదు.

“ఆకాశం?”

“ఎర్రగా... కొంచెం పసుపు.”

రెండు వందల మందికి పాఠాలు చెప్పిన నోటికి మూడో తరగతి పిల్లవాడి మాటలే దొరికాయి. తర్వాత అవీ దొరకలేదు. గదిలో కెరటాల చప్పుడు ఒక్కటే మిగిలింది.

“అయిపోయిందా అన్నా?”

“అయిపోయింది. పేర్లు వస్తున్నాయి.”

“చెల్లె ఇల్లు చేరింది. సాలు” అన్నాడు. కాసేపటికి మళ్లీ అడిగాడు. “కొత్త ఎడిషన్ల అక్షరాలు ఎంత పెద్దగుంటయన్నా?”

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

“పెంచుకోవచ్చు. గోడమీది క్యాలెండర్ అంకెలంత.”

“చీకటి?”

“అదీ తగ్గించుకోవచ్చు.”

“మూడో భాగం మొత్తం ఎన్ని గంటలు?”

“పద్నాలుగు.”

“అచ్ఛా” అన్నాడు సాయిప్రకాష్. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఎన్ని పద్నాలుగు గంటలుంటాయో నాకు తెలుసు, అతనికీ తెలుసు.

“తిట్టరా నన్ను” అన్నాను.

అతను చెయ్యి చాచి, నా భుజం ఎక్కడుందో వెతుక్కుని, దానిమీద వేశాడు.

“అయ్యో, అన్నా” అన్నాడు.